కమాండర్ బొమ్మ కింద కాలువ

కట్ట మీద మొదటి గొట్టం నుంచి పదకొండో గొట్టం దాకా నడవడానికి ఎగ్లేకి ముప్పావు గంట పడుతుంది. ఎండ చురుక్కుమనకముందే బయల్దేరుతుంది. చేతిలో సీసపు గుండు కట్టిన టేపు, చంకలో నోటుపుస్తకం, నెత్తిన పోయిన మొగుడి టోపీ. ఎడమపక్క సరస్సు, కుడిపక్క ఊరు. సరస్సు పైనుంది, ఊరు కిందుంది. నూరేళ్ళుగా చమురు తోడగా తోడగా నేల దిగిపోయింది, నీళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఎల్ బాహో ఊళ్ళో ఇళ్ళ కప్పులకన్నా పైనుంచి పడవలు పోతుంటాయి. అదొక వింతని అక్కడెవరికీ తోచదు.

కట్టలోకి నిలువునా దింపిన గొట్టం మూత తీసి గుండు వదుల్తుంది. చెవి ఆనించి వింటుంది. లోపలెక్కడో 'టప్' మంటుంది. అక్కడ టేపు బొటనవేలితో నొక్కిపట్టి, అంకె చూసి రాసుకుంటుంది. నీళ్ళు ఎంత లోతున తగిలితే కట్టకి అంత క్షేమం. పైకొస్తున్నాయంటే కట్ట నీళ్ళు తాగుతోందని.

ఈ పని ఆమెకెలా వచ్చిందో చెబితే సగం ఊరికి కోపమొస్తుంది, సగం ఊరికి కళ్ళు చెమరుస్తాయి.

నలభై ఒకటో ఏడు వచ్చేదాకా ఎగ్లేకి అక్షరం ముక్క రాదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగేది. కాగితం మీద ఏం పెట్టమన్నా బొటనవేలే. అప్పుడు కమాండర్ దేశానికి అధ్యక్షుడై వచ్చాడు. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చమురు డబ్బు రాజధాని దాటి రావడం ఆమె ఎరిగినంతలో అదే మొదటిసారి. వాళ్ళ వాడకి డాక్టరొచ్చాడు. శుక్లాలతో గోడలు తడుముకునే ఆమె తల్లికి కళ్ళు తెరిపించారు. బడి పాకలో సాయంత్రాలు టీవీ పెట్టి పెద్దవాళ్ళకి చదువు చెప్పారు. అక్షరానికో అంకె జత చేసి నేర్పేవాళ్ళు. అంకెలు చేపలమ్మిన మనిషికి కొత్తా? ఏడు వారాల్లో పట్టేసింది. ఆమె సొంతంగా చదివిన మొదటి రాత, ప్రభుత్వ చమురు కంపెనీ క్వార్టర్ల కంచెకి వేలాడే పలక. ఇరవయ్యేళ్ళుగా అది కంపెనీ పేరనుకుని దాని కిందుగా నడిచింది. 'అనుమతి లేనివారు లోపలికి రారాదు' అని ఉంది. చదివి, గంప దించుకుని, అక్కడే నిలబడి నవ్వింది.

కంచె లోపల ఆమె మరిది నేరియో ఉండేవాడు. కట్ట కాపలా చూసే బృందానికి మేస్త్రీ. కమాండర్ని దించాలని కంపెనీ పెద్దలు సమ్మె కట్టించిన ఏడు, అతనూ పని మానేశాడు. కమాండర్ దిగలేదు. సమ్మె చేసిన వేలమందిని ఒక్క దెబ్బతో ఇంటికి పంపాడు. కట్ట సంగతి తెలిసినవాడంటూ కంపెనీలో ఒక్కడూ మిగల్లేదు. అంకెలు చూసి రాయగలిగే నమ్మకస్తులు కావాలన్నారు. ఎగ్లేకి వారం రోజులు శిక్షణిచ్చి పుస్తకం చేతికిచ్చారు. ఆ పుస్తకంలో ఒక పేజీ మధ్యదాకా నేరియో రాత, ఆ కింద ఆమె రాత. అప్పటినుంచీ మరిదీ వదినా పెళ్ళిళ్ళలో, చావుల్లో తప్ప కలవలేదు. కలిసినప్పుడు అతను 'ఇంజనీరమ్మగారు' అనేవాడు. ఆమె వినిపించుకోనట్టు ఉండేది.

కమాండర్ పోయి పదేళ్ళు దాటింది. ఆమె నెల జీతానికి ఇప్పుడు డజను గుడ్లు రావు. చమురు బావుల పక్కనే పెట్రోలు కోసం రెండు రోజులు వరసలో నిలబడాలి. కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. అయినా ఆమె పొద్దున్నే కట్టెక్కుతుంది.

ఆ జనవరిలో, కట్టకి ఊరివైపు వాలు మీద ఇంకా ఏలుతున్న కమాండర్ పార్టీవాళ్ళు ఆయన బొమ్మ వేయించారు. చెయ్యెత్తి నవ్వుతున్న మనిషి, ముప్పై అడుగుల వెడల్పు. బొమ్మ పాదాల దగ్గర పిచ్చిమొక్కలు మొలిచిన రాళ్ళగుంట ఒకటుంటే చెత్తగుంటలా ఉందని దాన్ని పూడ్చి, పైన సిమెంటు పోసి, జెండాలు పాతడానికి చదును చేశారు. ఆ రోజు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఎగ్లే కూడా కొట్టింది.

ఆరు వారాలు తిరిగేసరికి, ఎప్పుడూ మూడు మీటర్ల లోతున పలికే ఏడో గొట్టం మీటరున్నర దగ్గరే పలకసాగింది. పైవాళ్ళకి నాలుగు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. వచ్చిందల్లా వాడ పెత్తనం చూసే విల్మెర్. ఎదురింటి పిల్లాడు, ఆమె చేతుల మీద పెరిగినవాడు. ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చే బియ్యం, పప్పుల సంచీ ఎవరికి రావాలో రాసే జాబితా అతని దగ్గరుంటుంది.

"పిన్నీ, ఇక్కడో సంతకం పడెయ్యి."

"ఏం రాసుందో చూడనీ."

"చూసేదేముంది? అన్ని గొట్టాలూ మామూలే అని. తొమ్మిది రోజుల్లో కమాండర్ వర్ధంతి. రాజధాని నుంచి పెద్దవాళ్ళొస్తున్నారు. ఈ కాగితం లేకపోతే కట్ట దగ్గరికి రారంట."

"మామూలు కాదురా. ఏడోది మీటరున్నరకొచ్చింది."

"ఆ టేపు నా వయసుది. సాగిపోయుంటుంది."

"సాగితే పదకొండు గొట్టాల్లోనూ సాగాలి. ఏడోదాంట్లోనే ఎందుకు సాగింది?"

విల్మెర్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నా మెడకి చుట్టకు పిన్నీ. సంతకం లేదంటే నీ పేరు సంచీ జాబితాలోంచి కొట్టేస్తారు. నేను కాదు, పైవాళ్ళు. అయినా నాకు అక్షరభిక్ష పెట్టిన మనిషిరా ఆయన అని నువ్వే చెప్పేదానివి కదా! ఆయన పండగ చెడగొడతావా?"

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. కాగితం మడిచి అతని చొక్కా జేబులో పెట్టింది.

"ఆయన నేర్పింది చదవమని. చదివింది పక్కనపెట్టి సంతకం చెయ్యడానికైతే నా బొటనవేలు చాలుగా? దానికి ఆయనెందుకు?"

అన్నదే గాని, మీటరున్నరంటే ఎంత ప్రమాదమో ఆమెకి తెలీదు. వారం శిక్షణలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడే. ఆ సాయంత్రం ఎగ్లే క్వార్టర్లవైపు నడిచింది. కంచె ఇప్పుడు లేదు, ఎవరో తుక్కుకి అమ్ముకున్నారు. ఉద్యోగం పోయినా ఇల్లు ఖాళీ చెయ్యని నేరియో గడపలో బాణలి పెట్టుకుని అమ్మకానికి మందోకలు వేయిస్తున్నాడు. మొక్కజొన్న పిండి, మాగిన అరటి, జున్ను కలిపి కడియాల్లా చుట్టినవి.

"చినీతా మాత మహిమ! ఇంజనీరమ్మగారే దయచేశారు. ఏం వదినా, దారి తప్పావా?"

"తప్పలేదు. అడగడానికొచ్చాను."

"నన్నా? కంపెనీలో ఇంతమంది మేధావులుండగా?"

"ఏడో గొట్టంలో నీళ్ళు మీటరున్నరకొచ్చాయి."

నేరియో చేతిలో గరిటె ఆగింది. "కట్ట అడుగున చెమ్మ ఉందా?"

"కొత్త సిమెంటు అంచుల వెంట తడిగా ఉంది. కడిగారేమో అనుకున్నాను."

"ఆ సిమెంటు కిందేముందో తెలుసా నీకు?"

"రాళ్ళగుంట."

"గుంట!" నేరియో బాణలి దించేశాడు. "కట్ట తాగిన నీళ్ళు బయటికొచ్చే కాలువ అది. ఆ రాళ్ళు మేం చేతుల్తో పేర్చాం వదినా, నెలరోజులు. దాని మూతి మూసి పైన జెండాలు పాతారా? ఇదీ మీ కమాండర్ రాజ్యం! డబ్బు పారినన్నాళ్ళూ పంచాడు. కాదనను, పంచాడు. కానీ బావికి మరమ్మతెవరు చేస్తారు, కట్టకెవరు చేస్తారు? పని తెలిసినవాళ్ళని తరిమి, చప్పట్లు కొట్టేవాళ్ళని పెట్టాడు."

"నన్నేగా అంటున్నావు. అను, పడతాను. ఆ రోజు నేనూ కొట్టాను చప్పట్లు. మరి నువ్వు చెప్పు. ఇరవయ్యేళ్ళు ఆ కంచె లోపలున్నావు. మీకు కుళాయి, మీకు ఆసుపత్రి, మీకు సినిమా. నీ సొంత అన్న, నీ వదిన కంచె బయట ఉప్పునీళ్ళు తాగారు. ఆ పలక మీద ఏం రాసుందో ఒక్కనాడు చదివి వినిపించావా నాకు?"

నేరియో బాణలిలోంచి మాడిన మందోక ఒకటి తీసి పక్కన పెట్టాడు. నూనె చిటపటలాడి ఆగింది.

"ఎన్నాళ్ళుంది?" అంది ఎగ్లే.

"నెలో, వారమో. మట్టి మనకి చెప్పి పోదు. పగలగొట్టాలి. నాకు గునపముంది గానీ... ఆ మనిషి పండగ కోసం నేనెందుకు నడుం విరగ్గొట్టుకోవాలి?"

"వద్దులే. రేపు ఊరు మునిగితే నీ మందోకలు చేపలకమ్ముకో."

అతనికి నవ్వాగలేదు. ఇరవయ్యేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా అదే మొదటి నవ్వు. "సరే, చీకటి పడ్డాక వెళ్దాం," అన్నాడు.

"చీకట్లో ఎందుకు? దొంగతనమా? పొద్దున తొమ్మిదింటికి రా. అందరూ నీళ్ళ బండి కోసం అక్కడే ఉంటారు."

తొమ్మిదింటికి ఎండ సిమెంటు మీద పేలుతోంది. బిందెలతో, డబ్బాలతో వరసలో ఉన్న ఆడవాళ్ళు కబుర్లాపి చూశారు. నేరియో గునపంతో వచ్చి, సిమెంటు వంక కాకుండా బొమ్మ వంక చూశాడు. కమాండర్ బూటు సరిగ్గా అతని భుజమెత్తున ఉంది.

"ఒక్క పోటు వదినా. ఇరవయ్యేళ్ళుగా దాచుకున్నది."

"బొమ్మ మీద గునపం పడితే తర్వాతిది నీ కాలి మీద పడుతుంది."

"ఇంకా వెనకేసుకొస్తావా ఆయన్ని?"

"మా అమ్మ చచ్చిపోయేముందు నా మొహం చూసి పోయింది నేరియో. అది ఆయన పెట్టిన భిక్షే. నిన్ను రోడ్డున పడేసిందీ ఆయనే. రెండూ నాకు తెలుసు, ఒకదానితో రెండోదాన్ని కడగను. కానీ ఈ సిమెంటు ఆయన పొయ్యలేదు. నోళ్ళు మూసుకుని మనం పోయించుకున్నాం. కింద పొడువు."

నేరియో గొణుక్కుంటూ కింద పొడిచాడు. అతనికి అరవై, ఆమెకి అరవై రెండు. పది పోట్లకి అతను, పది పోట్లకి ఆమె. సిమెంటు మొదట తెల్లగా పొడి రాలి, తర్వాత పెచ్చులు లేచింది. వరసలోంచి ఒకావిడ బిందె కింద పెట్టి వచ్చి పెచ్చులు ఏరి అవతల పారెయ్యసాగింది. విల్మెర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"పిన్నీ! మతి పోయిందా? పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలుచుకో. వాళ్ళ స్టేషను కూడా కట్ట కిందే ఉంది. వాళ్ళకీ పనికొస్తుంది."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో నేరియో గునపం మెత్తగా దిగబడింది. లాగేసరికి నీళ్ళు పైకి చిమ్మాయి. గోధుమరంగు బురద నీళ్ళు. నేరియో మోకాళ్ళ మీద కూర్చుని దోసిట పట్టి చూశాడు.

"మట్టి కొట్టుకొస్తోంది," అన్నాడు మెల్లిగా. "ఇలాగే వస్తే కట్ట లోపల గుల్లవుతోందని లెక్క. తేటబడాలి. తేటబడితేనే బతుకుతాం."

ఎవరూ కదల్లేదు. విల్మెర్ బూట్లలోకి నీళ్ళు వెళ్తున్నా అతనూ కదల్లేదు. అతని తల్లి ఇల్లు అక్కడికి నలభై అడుగుల దూరం. ఎగ్లే వరసలో ఒకామె చేతిలోని గాజుగ్లాసు లాక్కుని నీళ్ళు పట్టింది. బురద. పారబోసి మళ్ళీ పట్టింది. బురదే. తొమ్మిదోసారో పదోసారో గ్లాసు ఎత్తి ఎండకి పెడితే అవతల కమాండర్ చెయ్యి కనబడింది, మసగ్గా. ఆ తర్వాతిసారి స్పష్టంగా.

నేరియో సిమెంటు పెచ్చు మీద కూలబడి, టోపీతో మొహం కప్పుకున్నాడు. "పుస్తకం ఇలా తే," అన్నాడు కాసేపటికి. ఆ రోజు పేజీలో ఎగ్లే అప్పటికే రాసేసింది: 'కాలువ మీద సిమెంటు పోశారు. పగలగొట్టాం. నీళ్ళు తేటగా వస్తున్నాయి.' కింద పూర్తిపేరు, ఎగ్లే మార్గరితా ఫారియా. నేరియో చదివి, "కాలువ మళ్ళీ రాళ్ళతో పేర్చాలని రాయలేదేం ఇంజనీరమ్మా?" అని తనే రాశాడు. ఆమె పేరు కింద తన పేరు పెట్టాడు.

వర్ధంతి సభ బడి మైదానంలోకి మార్చారు. ఎగ్లే కుర్చీ తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చుంది. లెమ్మని ఎవరూ అనలేకపోయారు. ఆ నెల సంచీ రాలేదు. ఉద్యోగం పోయిందని ఒక కాగితం మాత్రం వచ్చింది. ఆసాంతం చదివి, మడిచి, పుస్తకంలో పెట్టుకుంది. మర్నాడు యథాప్రకారం కట్టెక్కింది.

ఆరో గొట్టం దాటాక విల్మెర్ ఎదురొచ్చాడు. "పిన్నీ, టేపూ పుస్తకం తిరిగిచ్చెయ్యమన్నారు. కంపెనీ ఆస్తంట."

"ఇస్తాను. ఎవరికివ్వను?"

"ఇంకా ఎవర్నీ పెట్టలేదు."

"పెట్టాక రమ్మను. ముందు పక్కకి జరుగు, ఏడోదాని మూత మీద నిలబడ్డావు."

విల్మెర్ జరిగాడు. ఎగ్లే మూత తీసి గుండు వదిలింది. అతనింకేదో చెప్పబోతుంటే చెయ్యెత్తింది.

"ఉష్. విననీ."

టేపు చాలాసేపు దిగింది.