ధర్మరాజు బాబాయిగారు వద్దన్న సినిమా

మా ధర్మరాజు బాబాయిగారు గోదావరి పక్క దిండిలో హౌస్‌బోటు నడుపుతారు. అంతకుముందు చాలా ఏళ్లు కువైట్‌లో ఒక షేకు గారి కారు నడిపారు. ఎడారిలో దారి తప్పిన ఒంటెలు ఆయన హారన్ విని ఇంటికి చేరేవట. నేను ఎక్కడ చెప్పినా ఇంకో రెండు ఒంటెలు కలిపే చెబుతాను.

అలాంటి మనిషి ఒక సినిమా చూడొద్దని ఊరంతా తిరిగి చెబుతుంటే అనుమానం రాదా? ఇంటర్ మధ్యలో మానేశాను గాని, సినిమాల విషయంలో నేనే ప్రొఫెసర్‌ని. అమలాపురంలో మొదటాట పడకముందే గేటు దగ్గర టికెట్లు చింపేవాడు "ఆడుద్దంటారాండీ?" అని నన్నే అడుగుతాడు.

ఈ సినిమా పేరు చెప్పను, చెబితే పరిగెడతారు. పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్. ప్రేమ, కామెడీ, మాటకో బూతు. హనీమూన్ భాగమంతా బాబాయిగారి బోటు మీదే తీశారు. ఇంట్లో మాత్రం బాబాయిగారు అది కుటుంబ కథ అని చెప్పారు.

"ఛీ, అదేం సినిమారా! నువ్వూ చూడకు," అన్నారు టీ కొట్టు దగ్గర.

"మీరెప్పుడు చూసేరండీ?"

"చూడాలేంటిరా? నా కళ్ల ముందే కదా తీసేరు."

"అయితే మీరూ ఉన్నారాండీ అందులో?"

బాబాయిగారు టీ సగంలో వదిలేసి వెళ్లిపోయారు. గ్లాసు అడుగున పంచదార కూడా వేలితో తీసుకునే మనిషి!

సాయంత్రం ఇందిర పిన్నిగారు కొబ్బరి కోరుతూ నన్ను పిలిచారు. "ఏరా, పోస్టరు మీద ఆ పిల్లకి చీరే లేదు. మీ బాబాయి వారం రోజులు ఆ పిల్ల ఉన్న బోటు మీదే ఉన్నారు. సినిమా వచ్చిందగ్గర్నుంచీ నా మొహం చూట్టం లేదు. టికెట్లు తియ్యి. ఏవన్నా కనబడిందా, అట్నించటే ముమ్మిడివరం మా అన్నయ్యగారింటికి పోతాను."

"ఆయ్," అన్నాను. ఇంకేమనగలను?

మర్నాడు మ్యాట్నీకి వెళ్లాం. పిన్నిగారు తల మీద కొంగు కప్పుకుని కూర్చునేసరికి, చుట్టూ ఉన్న కుర్రాళ్లు ఈలలు మింగేశారు. మొదటి సగంలో హీరోకి పని లేదు, హీరోయిన్‌కి బట్టల్లేవు, రాసినవాడికి కథ లేదు. నేనే సిగ్గుపడ్డానంటే చూసుకోండి.

ఇంటర్వెల్ తరవాత బోటు వచ్చింది. వంటగదిలో బియ్యం బస్తాల పక్కన హీరో హీరోయిన్లు పెనవేసుకుపోయారు. పిన్నిగారు సీటు చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వాళ్ల వెనకాల బాబాయిగారు! తలకి తెల్ల టోపీ. అటు తిరిగి కూడా చూడట్లేదు. పిండిముద్ద గాల్లోకి విసిరి, రెండు చేతుల మీద గిరగిరా తిప్పి, చాటంత రొట్టె చేస్తున్నారు. ముద్దులకి రాని ఈలలు ఆ రొట్టెకి వచ్చాయి.

"ఏరా, అది మీ బాబాయేనా?"

"ఆయ్."

"పాలు పొంగితే దింపడం కూడా రాదన్నారు నాతో! కారు నడిపే మనిషికి ఆ రొట్టె ఎక్కడొచ్చిందిరా?"

"నాకు తెలీదండీ," అన్నాను. ఆ మాట అనడం నా జన్మలో ఇదే మొదటిసారి.

ఇంటికెళ్లేసరికి బాబాయిగారు అరుగు మీద తల వంచుక్కూర్చున్నారు.

"మీరు కువైట్‌లో కారు నడపలేదు కదూ?" అన్నారు పిన్నిగారు.

"లైసెన్సు రాలేదు ఇందిరా. వంటింట్లో పెట్టేరు. మగాణ్ణి, రొట్టెలు కాల్చేనని ఊళ్లో ఎలా చెప్పను? డ్రైవరనేసేను. షూటింగులో వంటవాడి వేషం వేసినోడికి రొట్టె తిప్పడం చేత కాకపోతే, చూళ్లేక నేను చేసి చూపించేను. ఆళ్లు అదే పెట్టేసేరు."

నా ఒంటెలన్నీ అక్కడికక్కడే పోయాయి.

"మరి ఆ పిల్లని చూసేరా?"

"పిండి మీంచి చూపు తిప్పితే రొట్టె చిరిగిపోద్ది."

పిన్నిగారు లోపలికెళ్లారు. పెట్టె సర్దుతున్నారేమోనని గుమ్మంలోంచి తొంగి చూశాను. మైదాపిండి బేసిన్ తెచ్చి ఆయన ముందు పెట్టారు. "ఏదీ, చిరక్కుండా చెయ్యండి."

ఆ రొట్టె నేనూ తిన్నాను. ఆయన విసిరినప్పుడు దాని నీడ గోదావరి దాటి నర్సాపురం మీద పడింది. సినిమా చూడొచ్చా అంటే, ఇంటర్వెల్‌కి వెళ్లి, రొట్టె అవగానే లేచి వచ్చేయండి.

పిన్నిగారు మాత్రం పక్కనే నిలబడి, ఆయన కళ్లు పిండి మీదే ఉన్నాయో లేదో చూస్తూనే ఉన్నారు.