నూట పద్నాలుగో పేజీలో చొక్కా

"టైపు కొట్టిన ఆడవాళ్ళు నా నవలని పీకి పాకం పెట్టారండీ! పేజీకి పది తప్పులు!" అన్నాడు రచయిత రదోవాన్ పెఖాచెక్, వేదిక మీద నుంచి. బ్ర్నో లైబ్రరీ హాలు ఘొల్లుమంది. మూడో వరసలో కూర్చున్న ద్రహొమీరాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి! ఆ ఆడవాళ్ళలో ఆమె ఒకతె. కమ్యూనిస్టు ప్రభుత్వం నిషేధించిన పుస్తకాన్ని ఏ ప్రెస్సూ ముట్టని రోజులవి. పగలంతా ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఆఫీసు ఉత్తరాలు కొట్టి, ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద దుప్పటి మడతేసి, దాని మీద మిషను పెట్టుకునేది. పన్నెండు పల్చటి కాగితాలు, వాటి మధ్య కార్బన్లు. పన్నెండో కాగితం దాకా అక్షరం దిగాలంటే వేళ్ళతో సరిపోదు, భుజాలతో కొట్టాలి. కింది వాటా వాళ్ళకు చప్పుడు వినపడకుండా రేడియో గట్టిగా పెట్టేది. అయినా ఏ పుణ్యాత్ముడో వెళ్ళి చెప్పనే చెప్పాడు. ఎనభై మూడులో పోలీసులొచ్చి మిషను పట్టుకుపోయారు. ఆఫీసు ఉద్యోగం ఊడి, ట్రాములు కడిగే పనిలో పడింది. కూతురు ఇవెతాకు క్లాసులో మొదటి మార్కులు వచ్చినా కాలేజీ గుమ్మం తొక్కనివ్వలేదు. పెఖాచెక్ కూడా ఆ నవల రాసినందుకు బాయిలరు గదిలో బొగ్గెత్తి పోశాడు, కాదనం. కానీ ఆయన కష్టానికి ఇవాళ చప్పట్లూ, ఈమె కష్టానికి వెక్కిరింపూనా?

అసలు సంగతి ఇంకొకటుంది. ఆ నవల టైపు ప్రతి ద్రహొమీరా చేతికి వచ్చేసరికే అందులో నూట పద్నాలుగో పేజీ లేదు. ఎన్ని చేతులు మారిందో, ఎక్కడ జారిపోయిందో. రచయిత అసలు రాతప్రతి పోలీసుల దగ్గరుంది. పోయి అడుగుదామంటే రచయిత ఇంటి ముందు నిఘా. ముందు పేజీలో ఎన్నికల రోజు తెల్లవారుతుంది, తరవాతి పేజీలో పొద్దుగూకుతుంది, మధ్యలో ఏం జరిగిందో తెలీదు. ఆమె రెండు రోజులు తన్నుకులాడి, ఆ ఖాళీలో తన తల్లి అల్బీనా సంగతి కొట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. పోలీసులు వచ్చేలోపే పన్నెండు ప్రతులూ ఊరు దాటాయి. నిరుడు నవంబరులో ఆ ప్రభుత్వం కూలింది. ఇప్పుడు నవల అచ్చయింది, ఆమె కొట్టిన ప్రతిని చూసే.

పెఖాచెక్ కళ్ళజోడు సర్దుకుని సరిగ్గా ఆ పేజీయే చదివాడు. ఓటుకు రాని ఒక ముసలామె ఇంటికి ఇద్దరు పార్టీ మనుషులు ఓట్ల పెట్టె మోసుకొస్తారు. ముసలామె, యురేనియం గనిలో ఖైదీగా చచ్చిపోయిన మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తొడుగుతుంది. "ముందు ఆయన్ని వెయ్యనివ్వండి బాబూ, మీరు తీసుకెళ్ళి ముప్ఫై ఏళ్ళయింది, ఇంకా ఇంటికి పంపలేదు" అంటుంది.

హాల్లో ముక్కులు చీదుకుంటున్నారు. "ఇది నిజంగా జరిగిందాండీ?" అని అడిగింది ఒక విద్యార్థిని.

"మా అమ్మండీ ఆవిడ" అన్నాడు పెఖాచెక్, గొంతు తగ్గించి.

ద్రహొమీరా లేచి నిలబడింది. "ఆ చొక్కా ఏం రంగండీ, రచయితగారూ?"

"ఏమిటమ్మా?"

"పేజీలో రంగు రాసిలేదుగా. కన్నకొడుకు మీరు, మీకు తెలీకుండా ఉంటుందా?"

"తెలుపు..."

"నీలం! ఎడమ మోచేతి దగ్గర మాసిక. పన్నెండేళ్ళప్పుడు ఆ మాసిక వేసింది నేను. ఆ పేజీ కొట్టింది నేను. ఆవిడ మా అమ్మ!"

పెఖాచెక్ ముఖం కందగడ్డయింది. "చూడమ్మా, నా పేజీ పోలీసుల దగ్గరే ఉండిపోయింది. ఇది నాది కాదని అచ్చుకిచ్చేటప్పుడే తెలుసు. పోనీ, రెండో ముద్రణలో తీయించేస్తాను. సరేనా?"

"తీయించేస్తావా? అబ్బో! పుస్తకాల్లోంచి మనుషుల్ని తీసెయ్యడం ఇన్నాళ్ళూ ఆ పార్టీవాళ్ళకే చేతనవుననుకున్నా. నువ్వూ నేర్చావన్నమాట!"

సంచిలోంచి తను కొన్న పుస్తకం తీసి, చరచరా వేదిక ఎక్కి, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పడేసింది. "రాయి. 'అల్బీనాకు' అని రాయి. దాని కింద, 'ఈవిడ మా అమ్మ కాదు' అని రాసి సంతకం పెట్టు."

"ఇంతమందిలోనా తల్లీ?"

"ఇంతమందిలోనేగా మా అమ్మని నీ అమ్మని చేసుకున్నావు!"

ఆయన అటూ ఇటూ చూశాడు. సంతకాల కోసం అప్పటికే ఆమె వెనక క్యూ కట్టినవాళ్ళు ఎవరూ కదల్లేదు. చివరికి రాశాడు. సిరా ఆరేదాకా ద్రహొమీరా అక్కడే నిలబడి, పుస్తకం మూసి, సంచిలో పెట్టుకుంది. ఆమె వెనకున్న పెద్దాయన తన పుస్తకాన్ని కూడా నూట పద్నాలుగో పేజీ దగ్గర తెరిచి, పెఖాచెక్ ముందు పెట్టాడు.