గాలే తోసింది

కుట్టుపని చేసే ఆ అక్క నోరు మంచిది కాదని వీధి వీధంతా అనేది. చినిగిన కోటు తెచ్చిన వాళ్లకు ముందు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే సూదిలో దారం ఎక్కించేది. మొగుడు పోయాక ఆ నోరు మూతపడింది.

అతను రొట్టెల బట్టీలో పనివాడు. పాడుపడ్డ ఇళ్లు చూడటమంటే పిచ్చి. ఒక సెలవునాడు సముద్రం ఒడ్డున ఎవరూ ఉండని పాత ఊరికి ఒంటరిగా వెళ్లాడు. మర్నాడు కొండచరియ కింద రాళ్లలో దొరికాడు. వెళ్లే ముందు రాత్రి ఆలుమగలు అరుచుకోవడం గోడవతల నుంచి అత్తగారి చెవిన పడింది.

"నీ నోటికి జడిసే దూకాడే నా బిడ్డ!" అంది ఆవిడ. ఏళ్లు గడిచినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఒకే కప్పు కింద ఇద్దరూ ఉప్పూ నిప్పూలా బతికారు.

ఒకనాడు అత్తగారే నోరు విప్పింది. "నా కాళ్లు పడిపోకముందే ఆ చోటు చూపించు."

ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. దిగిన చోట కప్పుల్లేని ఇళ్లు, గడపల్లో ముళ్లకంప, ఒక గోడకు ఇంకా చెరగని పొయ్యి మసి. ముసలావిడ దాన్ని వేలితో రుద్ది చూసింది. "ఏ మహాతల్లో, మొగుణ్ణి తిట్టుకుంటూ ఊది ఉంటుంది," అంది. కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే ఏమనుకుంటుందోనని దిగమింగుకుంది.

గోడలు దాటి చరియ మీదికి రాగానే గాలి ఈడ్చి కొట్టింది. ఆవిడ శాలువా ఎగిరిపోయింది. దాని కోసం చెయ్యి చాచి రెండడుగులు తూలింది. కోడలు నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ గడ్డిలో పడ్డారు.

"గాలేనే! ఈ గాలే తోసేసింది వాణ్ణి!" ముసలావిడ కోడలి చెయ్యి వదల్లేదు. "దూకలేదు కదూ? చెప్పవే!"

ఇన్నాళ్లూ కోడలు ఎదురుచూసింది ఈ మాట కోసమే. కానీ అతను పోయిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. పెరట్లో ఆరేసిన దుప్పటి అంచయినా కదల్లేదు. ఉక్కతో ఒళ్లు తడిసిపోయింది. ఇంత దూరాన ఇక్కడ గాలి వీచిందో లేదో ఎవరికి తెలుసు?

"అవునత్తయ్యా, గాలే," అంది.

తిరుగు బస్సులో అత్తగారు ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఇంటికొచ్చాక కనిపించిన వాళ్లందరికీ ఆ గాలి సంగతే చెప్పింది. చలికాలం వెళ్లకముందే కన్నుమూసింది, మనసు కుదుటపడి.

కోడలు కుట్టుమిషన్ ఆవిడ గదిలోకి మార్చుకుంది, అక్కడ వెలుతురు ఎక్కువని. పగలంతా పనితోనే సరిపోతుంది. ఉక్కపోసిన రోజు మాత్రం ఆమెకు ఏ పనీ సాగదు.