అత్త అడిగి తెచ్చుకున్న చోటు

పోయిన శుక్రవారం పొద్దున ఒర్లియంపేటలో మా పక్కింటి అత్త కన్నుమూసింది. వీధి పంపు దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉండగా ఆ మాట విన్నాను. ఏడుపు కన్నా ముందు నాలో ఒక ప్రశ్న లేచింది. ఇప్పుడు ఆవిణ్ణి ఎక్కడికి తీసుకెళతారు? ఆ ప్రశ్న నాది కాదు. చాలాకాలం ఆవిడ ఊరంతా తిరిగి అడిగినదే.

అత్త వాళ్ళు తాతల నాడే ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలోని ఈ తమిళ ఊరికొచ్చి మిల్లు పనుల్లో కుదురుకున్న తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, సగం తమిళం కలిసి ఉంటుంది. మామ తమిళ క్రైస్తవుడు, బడిలో డ్రాయింగు మాస్టరు. పెళ్ళయ్యాక కూడా ఆవిడ బొట్టు మానలేదు, ఆయన మానమనలేదు. ఆయన పోయాక కూడా తీయలేదు. మా ఆయన ఉద్యోగం వెంట నేను యానాం నుంచి వచ్చేనాటికే మామ పోయి, ఊరి సమాధుల తోటలో ఉన్నాడు.

ఫ్రెంచి జెండా దిగిన మర్నాడే సమాధుల పండగ వచ్చింది. ఇక్కడ కల్లర పండగ అంటారు. పోయినవాళ్ళ సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఊరంతా కొత్త జెండా కబుర్లలో ఉంటే అత్త నా చేతిలో బంతిపూల బుట్ట పెట్టింది.

“రా మ్మే, మీ మామను చూసొస్తాం.”

మా వైపు ఆడవాళ్ళం శ్మశానం గడప తొక్కం. గేటు దాకా భయంగానే నడిచాను. లోపలికెళ్ళాక చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు. లంగరు చెక్కిన ఓడ కెప్టెన్ సమాధి, చంటిపిల్లల పేర్లున్న చిన్న చిన్న పాలరాళ్ళు, ఇళ్ళలాగా పైకప్పులున్న పెద్దింటివాళ్ళ గోరీలు. వెనకవైపు మాత్రం మట్టి దిబ్బలూ కర్ర శిలువలూ. ముందున్నవి ఎప్పటికీ ఉండేలా కొనుక్కున్నవట, మామదీ అంతే. వెనకవి కొన్నేళ్ళకే. గడువు తీరాక ఆ మట్టి ఇంకొకరికిస్తారు.

“ఎప్పటికీ అంటే ఎవురి ఎప్పటికీ మ్మే? ఇచ్చిన ఫ్రెంచోళ్ళే పోతాండారే!” అని నవ్వింది అత్త.

తిరిగి వస్తూ కాపలాదారుని అడిగింది. “నేను పోతే ఆయన పక్కన పెడతారా?”

అతను ఆవిడ బొట్టు వైపు చూశాడు. “మీవాళ్ళకు వేరే చోటుండాది గదమ్మా.”

“ఈ మన్ను ఎవురిది? చర్చిదా, ఊరిదా?”

అతనికి తెలియదు. అక్కణ్ణుంచి మొదలైంది. చర్చి ఫాదరు, ప్రార్థన తనదే కాని నేల తనది కాదన్నారు. ఆ వారంలోనే అత్త వచ్చి, “మేరీని అడిగొచ్చినా మ్మే” అంది.

మేరీమాతకు మొక్కుకుని వచ్చిందనుకున్నాను. “ఏమందత్తా?”

“సోమవారం రమ్మనింది.”

నేను నోరు తెరిచాను. ఇక్కడివాళ్ళు టౌన్‌హాలును ఫ్రెంచి మాటలో మేరీ అంటారని ఆ రోజే తెలిసింది. అత్త నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది.

ఆ మేరీ ఎన్ని సోమవారాలు తిప్పిందో. చివరికి ఒక ముసలి గుమస్తా కూర్చోబెట్టి చెప్పాడట. ఒకప్పుడు చర్చి ఆవరణల్లోనే పూడ్చేవారట. తర్వాత ఊరే ఈ నేలను చూసుకోవడం మొదలుపెట్టింది. విలీనం కాయితాలు ఇంకా పారిస్‌లో నలుగుతున్నాయి గనక పాత చట్టమే నడుస్తోంది. ఊళ్ళో పోయినవాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచినా ఊరు చోటివ్వాల్సిందే, మామ పక్కనైనా సరే.

అత్త ముఖం వెలిగిపోయింది. వాళ్ళ తమ్ముడు మాత్రం మండిపడ్డాడు.

“మనింటి ఆడబిడ్డను మట్టిలో పెట్టేదా? నలుగురూ ఏమంటారు?”

“ఊరు చోటిస్తాననింది. నువ్వు మోస్తావా లేదా, అది చెప్పు.”

సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. దాని గురించి అత్త ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం బియ్యంలో రాళ్ళేరుతూ, “చోటు దొరికింది మ్మే, మోసేవోడే పోయినాడు” అంది.

శుక్రవారం ఆ తమ్ముడు తానుండే మురుంగపాక్కం నుంచి సైకిలు మీద వచ్చాడు. అక్క తలవైపు వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, అత్త కోరిక...” అన్నాను.

“తెలుసమ్మా. మేరీకి ఎవురు పోవాల?” అన్నాడు.

తనే వెళ్ళాడు, అనుమతి తెచ్చాడు, స్నానం చేసి పాడె ముందు కొమ్ము భుజానికెత్తుకున్నాడు. ఫాదరూ రాలేదు, పురోహితుడూ రాలేదు. పసుపు రాసిన ముఖంతోనే అత్తను మామ పక్కన దించారు. మేం ఆడవాళ్ళం కూడా ఒక్కొక్క గుప్పెడు మట్టి వేశాం.

మూడో రోజు తమ్ముడు చెంబుతో పాలు తెచ్చాడు. కొత్త దిబ్బ మీద మెల్లగా పోశాడు. పాలు మట్టి పెళ్ళల మధ్య దారి వెతుక్కుంటూ జారి, మామ సమాధి అంచును తడిపి, అక్కడి ఇసుకలో ఇంకిపోయాయి. తమ్ముడు ఖాళీ చెంబు పట్టుకుని ఆ తడి ఆరేదాకా అక్కడే కూర్చున్నాడు.