ఎక్స్‌ప్రెస్ బావ రెండో సంచి

ఎక్స్‌ప్రెస్ బావ మాట మొదలుపెట్టినచోటే ముగించగా విన్నవాళ్లు లేరు. అంత జోరు ఆయన నడక. పక్కవాడితో "అసలు సంగతేమిటంటే" అంటాడు. ఆ సంగతేమిటో పైవీధివాళ్లకే తెలుస్తుంది. హోటల్లో సర్వరు పని. కాఫీ బల్లమీదికి వచ్చేస్తుంది, "ఏం కావాలి సార్?" అన్నది వంటింట్లోంచి వినిపిస్తుంది.

"నేను ఈయనతో కాపురం చేస్తున్నానో, ఈయన వీపుతో చేస్తున్నానో తెలీదురా" అని ఆయన భార్య తమ్ముడి దగ్గర వాపోతుంటుంది.

ఆ తమ్ముడు దర్జీ. కుడి మోకాలు సరిగా వంగదు. కొండగుడికి కాలినడకన వెళ్లాలని చిన్నప్పటినుంచీ కోరిక, కానీ కుంటివాణ్ణి రమ్మనేదెవరు? అలాంటిది ఒకరోజు బావ దుకాణంలోకి దూసుకొచ్చాడు.

"కొండగుడికి నడిచి వెళ్తున్నాన్రా! రెండు భుజం సంచులు కుట్టు. ఒకటి నాకు. రెండోదెవరికంటే..."

మిగతాది వీధిలో కలిసిపోయింది. మళ్లీ అడగడానికి దర్జీకి అభిమానం అడ్డొచ్చింది.

మర్నాడు కిటికీలోంచి చూసి నోరెళ్లబెట్టాడు. చేతికర్ర పట్టుకున్న లెక్కల మాస్టారి పక్కన, పళ్లు బిగబట్టి, చెమటలు కక్కుతూ, బావ మెల్లగా నడుస్తున్నాడు!

"కాళ్లు లాగేస్తున్నాయి మాస్టారూ, కాస్త ఆగుదామా?"

"ఇంకేం ఆగుతావయ్యా? ఆగే ఉన్నాం కదా!"

సాయంత్రం, నడక నేర్చుకుంటున్న పక్కింటి పాప వెనకాల సాధన. పాపను దాటేసి, నాలిక కరుచుకుని వెనక్కొచ్చాడు.

దర్జీ కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. తనతో టీకొట్టుదాకా కూడా కలిసి నడవని మనిషి, ఆ మాస్టారి పక్కన ఎంత ఒద్దిక! రెండో సంచి ఆయనకేనన్నమాట. పాడు మోకాలు తనకి మాత్రం లేదా?

"అక్కా, మీ ఆయనకి మాస్టారంటే అంత ప్రేమేమిటే?"

"ఏమోరా. ఇంట్లోనూ అదే నడక. పీటదాకా వచ్చేసరికి అన్నం చల్లారిపోతోంది."

ఆ కడుపుమంటతోనే సంచులు కుట్టాడు. బావ సంచి పట్టీకి రెండు వరుసల గట్టి కుట్టు. రెండోదానికి, మాస్టారి భుజాన్ని తలుచుకుంటూ, పైపైన నాలుగు కుట్లు. ఊరు దాటకముందే తెగాలి. లెక్కల మాస్టారు సామాను ఏరుకుంటూ లెక్కపెట్టుకోవాలి.

బయల్దేరే పొద్దున బావ వచ్చి, రెండో సంచి నింపి దర్జీ భుజాన తగిలించాడు. "పద."

"నేనా? మరి మాస్టారు?"

"ఆయనెందుకు? నీ పక్కన నడవడం రావాలిగా, అందుకని ఆయన దగ్గర నేర్చుకున్నా. రెండోది నీకేనని ఆ రోజే చెప్పానుగా!"

"నాకెక్కడ చెప్పావు బావా? పైవీధి పాలబూతు వాడికి చెప్పి ఉంటావు."

"అదా సంగతి! అప్పట్నుంచీ వాడు కనబడినప్పుడల్లా ప్రయాణానికి కొన్న కొత్త చెప్పులు చూపిస్తున్నాడు."

దర్జీ సంతోషంతో ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అంతలో ఆ నాలుగు కుట్లు గుర్తొచ్చాయి. "బావా, ఒక్క నిమిషం. పట్టీ మళ్లీ కుడతాను."

"నీ కుట్టు ఊడటమేమిట్రా? పద!"

వీధి మలుపులో పట్టీ పటుక్కున తెగింది. దుప్పటి, మోకాలి తైలం, అక్క కట్టిచ్చిన పొట్లం అన్నీ రోడ్డుపాలయ్యాయి. బావ ఈపాటికి పైవీధిలో ఉంటాడనుకుని దర్జీ సిగ్గుతో తలెత్తాడు. బావ పక్కనే గొంతుక్కూర్చుని సామాను ఏరుతున్నాడు.

"అసలు సంగతేమిటంటే," అన్నాడు, "ఇన్నేళ్లలో నా మాటకి నీ జవాబు ఒక్కసారీ విన్లేదురా. ఈసారి వినాలనుంది."

దర్జీ జేబులోంచి సూదీదారం తీసి పట్టీ కుట్టడం మొదలుపెట్టాడు, ఈసారి రెండు వరుసలు. బావ కాళ్లు నిలవనంటున్నాయి. అయినా జవాబు కోసం కదలకుండా కాచుకుని కూర్చున్నాడు.