ఎర్రగుడ్డ

విమానం నడపడం నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళంతా మా బావను ‘మెత్తని మాస్టారు’ అనేవారు. చక్రాలు నేలను తాకిన సంగతి పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియనంత మెత్తగా దించేవాడు. ఇంట్లో మాత్రం ఆయన కుర్చీ జరిపితే వీధి చివరిదాకా వినపడేది. మెత్తదనమంతా విమానాలకు రాసిచ్చేసి మా అక్కకు చప్పుళ్ళు మిగిల్చాడని నేను ఏడిపించేవాణ్ణి.

ఆ శిక్షణ మైదానంలో రేడియో గది నాది. కిటికీలోంచి రన్‌వే అంతా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు నేల ఇంకా దూరంగా ఉండగానే ముక్కు పైకెత్తేస్తారు. వేగం తగ్గిపోయి విమానం దబ్బున పడి, బంతిలా లేస్తుంది. కంగారులో ముక్కు కిందికి నొక్కితే బరువంతా ముందు చక్రం మీదే పడుతుంది, అది విరగనూవచ్చు.

ఇందుకు బావ ఒక పద్ధతి పెట్టాడు. గట్టిగా దించినవాళ్ళు తామే వెళ్ళి, షెడ్డు గోడకు వేలాడే ఎర్రగుడ్డ తెచ్చి ప్రొపెల్లర్‌కు కట్టాలి. మెకానిక్ చక్రాలు పరీక్షించి విప్పేదాకా ఆ విమానాన్ని ఎవరూ ఎక్కకూడదు. కట్టినవాణ్ణి బావ పల్లెత్తు మాట అనేవాడు కాదు. దాచినవాణ్ణి మళ్ళీ గేటు దాటనిచ్చేవాడు కాదు. ఆయన తన కోసం ఆ గుడ్డ తీసిన రోజు మాత్రం లేదు.

కొంతకాలంగా ఆయన టీ కప్పు పక్కన పోస్తున్నాడు. లేని మెట్టు మీద అడుగేస్తున్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి పదమని అక్క పోరితే రేపూ మాపూ అనేవాడు.

మా మేనకోడలు తొలిసారి ఒంటరిగా ఎగరాల్సిన ఉదయం, గాలి ఎలా ఉందో చూస్తానని ఆమె ఎక్కబోయే విమానాన్నే తీసుకెళ్ళాడు. దిగేటప్పుడు నేలకు మనిషెత్తు పైనే ముక్కెత్తాడు. విమానం పడింది, లేచింది, మళ్ళీ పడింది. మెకానిక్ షెడ్డు వెనక ఉన్నాడు, పిల్ల ఇంకా రాలేదు. చూసింది నేనొక్కణ్ణే. పరుగెత్తాను.

“బావా, ఎవరూ చూళ్ళేదు. మెకానిక్‌కి ఏదో ఒకటి చెప్పి చక్రాలు చూడమంటాను. గుడ్డ వద్దు.”

“గుడ్డ కడితే ఎవరు దించారని అడుగుతారు,” అన్నాడు బావ.

“అందుకే వద్దంటున్నా.”

“కళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఇక నన్ను ఎక్కనివ్వరు, తెలుసు.” రెక్క మీద చెయ్యి వేశాడు. “అందరికీ ఒకటి, నాకొకటీ ఎలారా? ఎక్కేది నా కూతురు.”

వెళ్ళి గుడ్డ తెచ్చి కట్టాడు. మెకానిక్‌ను పిలిచి, దించింది తానేనని, కళ్ళు సరిగా ఆనడం లేదని చెప్పాడు. మెకానిక్ కింద దూరి అణువణువూ చూశాడు. ఒక్క గీత లేదు. “ఊరికే మీ సంగతి బయటపెట్టుకున్నారు మాస్టారూ,” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే బావ తన లైసెన్సు ఆఫీసులో ఇచ్చేసి వచ్చాడు. రాత్రి అన్నం ముట్టలేదు. కుర్చీ కూడా చప్పుడు చెయ్యలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక అక్క ఏడ్చింది.

తర్వాతి వారం మేనకోడలు ఎగిరింది. బావ రన్‌వే పక్కన కుర్చీ వేయించుకున్నాడు. పిల్ల దించిన తీరు బాగోలేదు, దబ్బుమని నాకే వినపడింది. ముక్కు నొక్కకుండా నిలబెట్టుకుంది, అదే నయం. చప్పట్లు కొడుతున్న తోటివాళ్ళను దాటుకుని సరాసరి షెడ్డుకు వెళ్ళి గుడ్డ తెచ్చి కట్టింది.

బావ లేచి వచ్చాడు. గుడ్డ కోసం చెయ్యి చాపితే మొదట గాలే తగిలింది. రెండోసారికి దొరికింది. కళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా ముడి తడిమి చూశాడు.

“గట్టిగానే కట్టావమ్మా,” అన్నాడు.