ఉప్పూ, పంచదారా, మా సైన్సు టీచరుగారూ

మా సైన్సు టీచరుగారు పోయారు. పోయిన సోమవారం పొద్దున్నే తిరువూరు నుంచి రత్నకుమారి ఫోన్ చేసి చెప్పింది. రత్నం, నేనూ హైస్కూల్లో ఒకే బెంచీ. "కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారంట. అంతేనంట" అంది. మర్నాడు పేపర్లో రెండు లైన్లు వచ్చాయి, విశ్రాంత ఉపాధ్యాయురాలి మృతి అని. రాసినవాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి తెలిసింది అంతే. ఇంకొంచెం తెలిసినవాళ్ళం ఇంకా ఉన్నాం కాబట్టి, మిగతాది మీకు నేను చెబుతాను.

డెబ్బైల మధ్యలో సంగతి. టీచరుగారిది బందరు వైపు. భర్త పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. ఆయనకి తిరువూరు బదిలీ అయితే, ఈవిడ కూడా అడిగి మా బడికి వేయించుకున్నారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. గొంతు మాత్రం ఆవరణ దాటి వినిపించేది. మా వీధిలోనే, మా కిరాణా కొట్టుకి నాలుగిళ్ళ అవతల అద్దెకి దిగారు. మా బడిలో సైన్సు చెప్పడానికి వచ్చిన మొదటి ఆడమనిషి ఆవిడే.

అంతకు ముందు మాకు సైన్సంటే నోట్సు. 'జీవుల నిర్మాణమునకు మూలమైన ప్రమాణము కణము' అని ఒకళ్ళు చదివితే మిగతావాళ్ళం రాసుకునేవాళ్ళం. కణమంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు, అడగాలనీ తోచలేదు. బడిలో ఒక మైక్రోస్కోపు ఉందని మాత్రం విన్నాం. అది హెడ్మాస్టరుగారి గది బీరువాలో ఉండేది. ఇన్‌స్పెక్షన్ రోజున బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టేవాళ్ళు.

టీచరుగారు వచ్చిన వారంలోనే వెళ్ళి తాళం అడిగారు. మేము వరండాలో నిలబడి వింటున్నాం.

"పిల్లల చేతికి ఇస్తారా? పగిలితే ఎవరిదమ్మా బాధ్యత?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"నాదేనండి. కాగితం మీద రాసిస్తాను."

"ఇన్నేళ్ళూ జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చామమ్మా."

"ఇన్నేళ్ళూ దాంట్లోంచి ఎవరూ చూళ్ళేదు కదండీ" అన్నారు ఆవిడ. మర్యాదగానే అన్నారు. ఆయన నవ్వి తాళం ఇచ్చేశారు. కాగితం మాత్రం రాయించుకున్నారు.

మర్నాడు పెనుగొలను నుంచి వచ్చే అమ్మాయి ఉల్లిపాయ తెచ్చింది. దాని పొరల మధ్య ఉండే పల్చటి పొట్టు ఒలిచి, గాజుపలక మీద పరిచి, రంగు కోసం హెడ్మాస్టరుగారి ఎర్ర సిరా ఒక చుక్క వేశారు టీచరుగారు. కిటికీ దగ్గర అద్దం తిప్పి వెలుగు పట్టారు. నలభై రెండు మందిమి వరసగా నిలబడ్డాం. నా వంతు వచ్చేసరికి నాకు కనబడింది ఎర్రటి మసక, అందులో అడ్డంగా నాలుగు గీతలు. అంతే. అందరూ అయ్యాక బొమ్మ గియ్యమన్నారు. నేను పుస్తకంలో బొమ్మ గుర్తు తెచ్చుకుని, ఇటుకల్లా చక్కగా గదులు కట్టి, ఒక్కో గదిలో కేంద్రకం పెట్టి, బాణం గుర్తులు వేసి పేర్లు కూడా రాశాను. క్లాసులో అందరికంటే బాగా గీశానని నా నమ్మకం.

ఆవిడ నా పుస్తకం ముందు చాలాసేపు ఆగారు. "ఈ కేంద్రకం నీకు కనబడిందా?"

"లేదండి."

"మరెందుకు గీశావు?"

"ఉంటుంది కదండీ."

"ఉంటుంది. నువ్వు చూడలేదు. కనబడనిది గియ్యకు, కనబడ్డది దాచకు. సైన్సంటే ముందు అదే" అని నాకు సున్నా వేశారు. పక్కనే రత్నం నాలుగు వంకర గీతలు గీసి కూర్చుంది, దానికి పదికి ఏడు. ఆ రోజు అన్నం తినకుండా ఏడ్చాను. మర్నాడు బడి గంటకి అరగంట ముందే వెళితే టీచరుగారు మైక్రోస్కోపు బయట పెట్టుకుని కూర్చుని ఉన్నారు, నేను వస్తానని తెలిసినట్టు. ఓపిగ్గా చక్రం తిప్పుకుంటూ పోతే మసకంతా విడిపోయి, ఒక గది మూలన గుండ్రటి చుక్క కనబడింది. "కనబడిందండి" అన్నాను. "ఇప్పుడు గియ్యి" అన్నారు.

కణం చుట్టూ ఉండే పొర గురించి చెప్పిన పాఠం మా బ్యాచీలో ఎవరినడిగినా చెబుతారు. పలచటి ఆమ్లంలో కోడిగుడ్డు వేసి, పెంకు కరిగిపోయాక, పొర మాత్రం మిగిలిన మెత్తటి గుడ్లు రెండు తెచ్చారు. ఒకటి మంచినీళ్ళలో వేశారు, ఒకటి చిక్కటి ఉప్పునీళ్ళలో. సాయంత్రానికి ఒకటి ఉబ్బింది, ఇంకోటి ముడుచుకుపోయింది. మేము కోమట్లం, ఇంట్లో గుడ్డు మాట కూడా ఎత్తేవాళ్ళు కాదు. నేను దూరంగా జరిగి నిలబడటం ఆవిడ గమనించారు.

"మీ ఇంట్లో మాగాయ పెడతారా?"

"పెడతామండి. మా నాయనమ్మ పెడుతుంది."

"ముక్కలకి ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ఏమవుతుంది?"

"ఊట వస్తుందండి."

"మీ నాయనమ్మ నీళ్ళు పొయ్యలేదు కదా, ఎక్కడిదా ఊట?"

ఏటా తింటున్నాం, ఎవరం ఆలోచించలేదు. అప్పుడు చెప్పారు. మామిడికాయ ముక్కలో లక్షల కణాలున్నాయి, ఒక్కో కణం చుట్టూ ఒక పొర ఉంది, బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీళ్ళు ఆ పొర దాటుకుని బయటికి వస్తాయి. "పొరంటే గోడనుకోకండర్రా. దేన్ని రానివ్వాలో దేన్ని పోనివ్వాలో దానికి తెలుసు. ఆ తెలివి ఉన్నంతసేపే కణం బతికుంటుంది. మీ ఒళ్ళంతా అవే" అన్నారు. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళి మా నాయనమ్మ జాడీ మూత తీసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. చెయ్యి పెడతానేమోనని నాయనమ్మ అరిచింది.

ఆ మరుసటి ఏడు, మేము పదో తరగతిలో ఉండగా, వానాకాలంలో మా వీధికి వాంతులు, విరేచనాలు వచ్చాయి. వారం రోజులు ముసురు. కట్టలేరు పొంగింది, బెజవాడ బస్సులు ఆగిపోయాయి. వీధి బావిలోకి వాననీళ్ళు దిగాయి. ముందు చివరింట్లో పెద్దాయనకి పట్టుకుంది, రెండు రోజుల్లో ఆరిళ్ళకి పాకింది. ఆస్పత్రిలో మంచాలు చాలక నేల మీద చాపలు వేశారు. ఉన్న ఒక్క డాక్టరుగారు కూర్చున్న పాపాన పోలేదు. ఉన్న సెలైన్ సీసాలు అన్నిటికంటే ప్రమాదంగా ఉన్నవాళ్ళకే పెడుతున్నారు, కొత్తవి రావాలంటే దారి లేదు.

మూడో రోజు తెల్లవారేసరికి మా అమ్మకి మొదలైంది. తొమ్మిదింటికల్లా కళ్ళు గుంటలు పడ్డాయి. దాహం దాహం అంటోంది. నాయనమ్మ చెంబు ముట్టనివ్వలేదు. ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవాళ్ళు. లోపలికి ఏం పోస్తే అది బయటికి పోతుంది కాబట్టి ఏమీ పొయ్యకూడదనుకునేవాళ్ళు. నాన్న డాక్టరుగారి కోసం పరుగెత్తాడు. నేను పరుగెత్తింది టీచరుగారింటికి. ఎందుకు అక్కడికే వెళ్ళానో అప్పుడు తెలియదు.

ఆవిడ గొడుగు కూడా తీసుకోకుండా వచ్చారు. అమ్మ పక్కన కూర్చుని, ముంజేతి మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు, మడత అలాగే నిలబడింది. ఒంట్లో నీళ్ళు అయిపోయిన గుర్తది. నాతో, "కాచిన నీళ్ళు, ఉప్పు, పంచదార పట్రా" అన్నారు.

నాయనమ్మ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "టీచరమ్మా, మీరు పిల్లలకి పాఠాలు చెప్పుకోండి. నా కోడలికి వైద్యం చెయ్యకండి."

"నేను డాక్టర్ని కాదు మామ్మగారూ, నిజమే. మా తమ్ముడు డాక్టరు. మొన్నటి యుద్ధమప్పుడు బెంగాలు సరిహద్దులో శరణార్థుల శిబిరాల్లో పనిచేశాడు. అక్కడా ఇదే జబ్బు, సీసాలు ఇలాగే అయిపోయాయి. ఈ నీళ్ళు తాగించే వేలమందిని నిలబెట్టామని నాకు ఉత్తరం రాశాడు."

"తాగితే మళ్ళీ పోతుంది కదమ్మా."

"ఉత్త నీళ్ళయితే పోతాయండి. మాగాయ ముక్కలో నీళ్ళు ఉప్పు వెంట బయటికొస్తాయి, మీకు నాకంటే బాగా తెలుసు. ఇప్పుడీవిడ పేగుల్లో అదే జరుగుతోంది. మనం ఉప్పుని వెనక్కి లోపలికి పంపాలి. ఒట్టి ఉప్పుని పేగు పొర రానివ్వదు, పంచదార తోడుంటే రానిస్తుంది. ఉప్పు వెళితే దాని వెనకాలే నీళ్ళూ వెళతాయి."

అమ్మ మూలిగింది. నాయనమ్మ పక్కకి జరిగింది.

లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, గుట్టగా కాకుండా తలకొట్టి. టీచరుగారు కలిపి, ముందు తను రుచి చూసి, "కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు, మీరు కూడా చూడండి" అని నాయనమ్మ అరచేతిలో పోశారు. నాయనమ్మ చూసింది. వీధిలో ఎవరింట్లో పచ్చడికి ఉప్పు సరిచూడాలన్నా నాయనమ్మనే పిలిచేవాళ్ళు. "సరిపోయింది" అంది. అని, టీచరుగారి చేతిలో చెంచా తను తీసుకుని కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొదటి నాలుగు చెంచాలూ వాంతి అయిపోయాయి. నాయనమ్మ తలెత్తి చూసింది. "పది నిమిషాలాగి మళ్ళీ పట్టండి. ఆపకండి" అన్నారు టీచరుగారు. ఆవిడ గొంతు గట్టిగానే ఉంది కానీ, చీర కొంగు వేలికి చుట్టి విప్పి చుట్టి విప్పి చేస్తున్నారు. అది నేనొక్కదాన్నే చూశాను. డాక్టరుగారు మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చారు. అప్పటికి ఒకటిన్నర లీటర్లు లోపలికి వెళ్ళింది, వాంతులు ఆగాయి. ఆయన నాడి చూసి, గిన్నెలో నీళ్ళు నాలిక మీద వేసుకుని, "ఎవరు కలిపారమ్మా ఇది?" అనడిగారు.

"నేనేనండి. తప్పయితే చెప్పండి, ఆపేస్తాను."

"ఆపకండి" అన్నారాయన. "వీధంతా తిరిగి చెప్పగలరా? నాకున్నవి రెండు చేతులే."

ఆ మధ్యాహ్నమే ఆవిడ మమ్మల్ని పోగేశారు. పదో తరగతి ఆడపిల్లలం ఎనిమిదిమందిమి, ఇంటికి ఇద్దరు చొప్పున. కాచిన నీళ్ళతో కడిగిన బిందె, గరిటె, చెంచా. మా కొట్లోంచి పంచదార బస్తా నాన్నే విప్పి ఇచ్చాడు. ఎవరింట్లో ఎన్ని గ్లాసులు తాగారో, ఎన్నిసార్లు వాంతయిందో, చర్మం మడత సర్దుకుంటోందో లేదో నోటు పుస్తకంలో రాయమన్నారు. సాయంత్రం మా ఇంటికొచ్చి నాయనమ్మని మొదట అడిగిన మాట, "మూత్రం వచ్చిందా?" అని. నాయనమ్మ వీధి గుమ్మంలోకి వచ్చి మరీ, "వచ్చింది టీచరమ్మా, రెండుసార్లు వచ్చింది" అని కేకేసి చెప్పింది. అంత సంతోషంగా ఆ మాట ఎవరైనా చెప్పగా నేను మళ్ళీ వినలేదు.

అందరూ దక్కలేదు. చివరింటి పెద్దాయన దగ్గరికి మేము వెళ్ళేసరికే ఆలస్యమైంది. రెండు రోజులుగా ఆయనకి చుక్క నీళ్ళు ఇవ్వలేదు. టీచరుగారు వాళ్ళ అరుగు మీద కాసేపు కూర్చుండిపోయారు. "తమ్ముడి ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. మొదటి రోజే రావలసింది, నాకు తట్టలేదు" అన్నారు. నాతో అది కూడా పుస్తకంలో రాయించారు, 'ఆలస్యంగా వెళ్ళాము' అని. తర్వాత లేచి, ఆయన కోడలికి కూడా తగిలిందని తెలిసి లోపలికి వెళ్ళారు. ఆ అమ్మాయి బతికింది. మేము తిరిగిన ఇళ్ళలో ఆ తర్వాత ఒక్కరు కూడా పోలేదు. ఇది నేను గొప్ప కోసం రాయడం లేదు. నిజానికి గొప్పగానే ఉంది, దాచుకోవడం దేనికి.

ఆ తర్వాత హెడ్మాస్టరుగారు ప్రార్థన సమయంలో టీచరుగారి గురించి మాట్లాడబోతే, ఆవిడ ముందుకొచ్చి మా ఎనిమిదిమంది పేర్లూ చదవమన్నారు. ఇంటి పేర్లతో సహా చదివించారు. నాలుగు వందలమంది ముందు నా పేరు అలా వినబడటం అదే మొదలు. ఆ ఎండాకాలం, మా నాన్న నా పై చదువు సంగతి తేల్చకుండా నానుస్తుంటే, తీర్పు చెప్పింది నాయనమ్మ. "దీన్ని బెజవాడ పంపించరా. ఆ పొరల చదువేదో చదువుకొస్తుంది."

చదువుకున్నాను. బెజవాడలో ఒక ఆస్పత్రి లాబొరేటరీలో ముప్ఫై ఏళ్ళు రక్తపు చుక్కలు చూశాను. ఒకసారి టీచరుగారు ఏదో పరీక్షకి మా ఆస్పత్రికే వచ్చారు. అప్పటికి రిటైరయ్యారు. పరీక్ష అయ్యాక కూర్చోబెట్టి, ఆవిడ రక్తమే పలక మీద పరిచి, రంగు వేసి చూపించాను. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూడటం మొదలుపెట్టి, ఎంతకీ తల ఎత్తలేదు. చివరికి, "ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూళ్ళేదే" అన్నారు. ఆ మసకలోంచే మా అందరికీ అంత చూపించారు ఆవిడ. నాతో పనిచేసేవాళ్ళు ఎవరీవిడ అని అడిగితే, "మా టీచరుగారు" అని చెప్పాను. అది చెబుతున్నప్పుడు నేను కొంచెం నిటారుగా నిలబడ్డానని తర్వాత వాళ్ళే నవ్వారు.

మంగళవారం తిరువూరు వెళ్ళాను. ఎనిమిదిమందిలో ఐదుగురం కలిశాం. టీచరుగారి కోడలు మాకు భోజనాలు పెట్టి, ఆవిడ గురించి అడిగి మరీ చెప్పించుకుంది. ఆ పూట అక్కడే ఉండి, బుధవారం పొద్దున్నే మొదటి బస్సెక్కాను. ఎ.కొండూరు దాటాక, బస్సు దేనికో ఐదు నిమిషాలు ఆగింది. కిటికీ పక్కన నారుమడి. అప్పుడే ఎండ పడుతోంది. జానెడు నారు, ప్రతి ఆకు కొసనా ఒక్కో నీటి బొట్టు. పక్క సీట్లో పెద్దమనిషి చూసి, "మంచు బాగా కురిసిందండీ" అన్నాడు. అది మంచు కాదు. వేళ్ళు తోడిన నీళ్ళు కణం నుంచి కణానికి ఎక్కి, ఆకులో పట్టక, కొసకి వచ్చి నిలబడతాయి. ఆయనకి చెబుదామనుకున్నాను. కానీ అప్పటికే ఆయన కూడా కిటికీ వైపు వంగి చూస్తున్నాడు. మడంతా మెరుస్తోంది. గాలికి ఒక బొట్టు జారిపడింది. మేమిద్దరం చూస్తుండగానే, ఆ కొసన మళ్ళీ ఇంకోటి మెల్లగా ఊరుతోంది.